మంచు మీద తాడు

చిట్టా 1. పోటు సమయం. గాలి తూర్పు.

ఇవాళ దారి గుర్తుల డ్రమ్ములన్నీ గోకాను. కొన్నాళ్ళు చూడకపోతే చాలు, గుల్లలు పట్టి డ్రమ్ము బరువెక్కి మునిగిపోతుంది. డ్రమ్ము మునిగితే దాని కింద మేడ ఉందని వచ్చే ఓడకి తెలియదు. నీళ్ళ కింద పాత నగరం మొత్తం అలాగే నిలబడి ఉంది. ఫ్లైఓవరు, కాలేజీ, సినిమా హాలు, అన్నిటికన్నా పొడుగ్గా ఆ ముప్పై అంతస్తుల హోటలు. ఆటు సమయంలో హోటలు పైకప్పు మీద నిలబడితే మనిషి తల బయటికి కనిపిస్తుంది.

యుద్ధంలో రెండు పక్షాలూ ఒకరి ఉపగ్రహాలు ఒకరు పేల్చుకున్నాక ఓడలకి పైనుంచి దారి చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. అందుకని మేం నలుగురం ఉన్నాం, దారివాళ్ళం. మాలో ఒకరు ఎక్కి చెయ్యి చూపిస్తే తప్ప ఏ ఓడా మా తెప్పలపేటకి రాలేదు, వచ్చినది పోలేదు. పని ముగిశాక ఏం చేశామో ఈ పెట్టెకి చెప్పాలని రూలు. పెట్టె విని రాసుకుంటుంది. పై ఆఫీసులో ఎవరైనా చదువుతారో లేదో నాకు తెలియదు. నా పేరు కొర్లమ్మ. చదివితే చదవనీ.

మధ్యాహ్నం రేడియోలో కబురొచ్చింది. దక్షిణం నుంచి మంచుకొండని లాక్కుంటూ ఓడ ఒకటి మా పేటకే వస్తోందట. ఊళ్ళో తాగునీళ్ళు మనిషికి రోజుకి రెండు చెంబులకి దిగిపోయాయి, అందుకని వంతెనల మీద జనం గంతులేశారు. నేనూ గంతులేసేదాన్నే. ఆ తర్వాత ఓడ కెప్టెను పేరు చదివారు. శశిభూషణ్.

ఆరేళ్ళుగా ఆ పేరు కోసం చెవులు రిక్కించుకుని కూచున్నాను. ఈ దారిలో వాడు నా చేతి కిందకి వస్తున్నాడు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇలాంటి సంతోషం మంచిది కాదని నాకూ తెలుసు.

చిట్టా 2. ఆటు. గాలి లేదు.

ఆఫీసువాళ్ళు చదువుతుంటే వాళ్ళకి విషయం తెలియాలి కదా, చెబుతున్నాను.

మా ఆయన పేరు ముత్యాలు. గోస్తని అనే ఓడలో నావికుడు. చద్దన్నంలో పచ్చిమిరపకాయ లేకపోతే అలిగేవాడు. కథ చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఇంకో కథలోకి పోయి, మొదటిది మర్చిపోయేవాడు. మా పైడికి ఈత నేర్పడానికి దాన్ని నడుముకి కట్టుకుని నీళ్ళలో దూకితే, మా అత్త బంగారమ్మ తెడ్డు పట్టుకుని ఊరంతా తరిమింది. అలాంటి మనిషి. గొప్పవాడేం కాదు. నాకు కావలసినవాడు.

యుద్ధం మంచు కోసమే జరిగింది. దక్షిణాన విరిగిపడే మంచుకొండల్ని ఎవరు ముందు తాడేసి లాక్కుపోతే వాళ్ళ దేశానికి నీళ్ళు. గోస్తని ఒక కొండని లాక్కొస్తుంటే ఏడుగురిని ఆ కొండ మీదే ఉంచారు. మంచు కరగకుండా కప్పిన తెల్లబట్ట ఎగిరిపోకుండా చూడటం, తాడు పట్టుకున్న ఇనుప కొక్కేలు సడలకుండా చూడటం వాళ్ళ పని. ముత్యాలు ఆ ఏడుగురిలో ఉన్నాడు. శత్రువు ఓడలు వచ్చాయి. కెప్టెను శశిభూషణ్ తాడు కోయించి ఓడని పరిగెత్తించాడు.

సర్కారు మాకు చెప్పింది వేరు. శత్రువు గుండు తగిలి ఏడుగురూ క్షణంలో పోయారని చెప్పి, లంగరు బొమ్మ ఉన్న పతకం పంపింది. తాడు సంగతి ఆ ఓడలో వంట చేసిన మనిషి తర్వాత మాకు చెప్పింది. వంటగది కిటికీలోంచి గొడ్డలి పడటం చూసిందట. కొండ మీద వాళ్ళేం చేస్తున్నారో మాత్రం ఆమెకి కనిపించలేదు.

సముద్రంలో పోయినవాడికి శవం దొరకదు. అందుకని మా పేటల్లో కడచూపు మాట కావాలి. వాణ్ణి ఆఖరున చూసినవాడు ఇంటికి రావాలి, గడపలో కూచోవాలి, ఏం చూశాడో చెప్పి ఆ ఇంటి అన్నం ఒక ముద్ద తినాలి. అప్పటిదాకా పోయినవాడు పోయినట్టు కాదు. మా అత్త ఆరేళ్ళుగా రోజూ మధ్యాహ్నం కొడుక్కి కంచం పెడుతోంది. కాసేపు చూసి, తిండి పారెయ్యకూడదని ఆ అన్నం తనే తింటుంది. నా గాజులు నా చేతికే ఉన్నాయి.

కెప్టెను వస్తున్నాడని చెబితే ఆవిడ గింజలు ఏరడం ఆపలేదు.

"ఆడేనా?"

"ఆడే అత్తా."

"మనింటికి తోలుకొచ్చీ."

"తోలుకురాను. ఆడి ఓడని హోటలు మీదకెక్కించి ముంచీస్తాను."

"ముందల తోలుకొచ్చీ. ఆడు సెప్పాల్సింది సెప్పీనాక నీ ఇష్టం."

పద్నాలుగేళ్ళ పైడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మంచు కూడా మునిగిపోద్దేటే అమ్మా?" అని అడిగింది.

చిట్టా 3. పోటు. గాలి దక్షిణం, అల కొంచెం లేచింది.

దారివాళ్ళలో పెద్ద నరసయ్య మావయ్య. నాకు ఈ పని నేర్పింది ఆయనే. ఇవాళ నేను పడవ అడుగు గోకుతుంటే వచ్చి పక్కన కూచుని, ఒక గోకుడుబిళ్ళ తీసుకుని తనూ గోకడం మొదలుపెట్టాడు. అడగకుండా సాయం చేస్తున్నాడంటే ఏదో అడగడానికే వచ్చాడని అర్థం.

"ఆ ఓడ నాను తెస్తాను కొర్లమ్మా."

"వంతు నాది మావయ్యా."

"వంతు నీదేనే. నీ మనసులో ఏటుందో ఊరందరికీ తెలుసు. ఆడి ఎనకాల ఊరు నీళ్ళున్నాయి. ఓడ మునిగితే కొండ పోద్ది. నీ పగకి ఊళ్ళో పసిగుంటలు దాహంతో సావాలేటి?"

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట నిజం కాబట్టి ఇంకా మండింది. ఆరేళ్ళు నేను రోజూ ఆ హోటలు మీదుగా పోతూ, ఎంత పోటులో ఎంత నీళ్ళుంటాయో, ఏ మూల తగిలితే ఓడ పొట్ట చీలుతుందో ఊహించుకుంటూ బతికాను. ఆ ఊహలో శశిభూషణ్ వెనక ఎప్పుడూ మంచుకొండ లేదు. నా ఊహలో వాడొక్కడే వచ్చేవాడు.

"కొండ లోపలికొచ్చి కట్టు చేరేదాకా ఆడి ఎంట్రుక కూడా ముట్టుకోనని మాటియ్యి," అన్నాడు మావయ్య.

"కట్టు చేరేదాకా ముట్టుకోను."

"తరవాత?"

"తరవాత సంగతి నువ్వడగలేదు మావయ్యా."

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. పోతూ పోతూ, "ముత్యాలు నా సెల్లి కొడుకే కదే," అన్నాడు.

చిట్టా 4. నిండు పోటు. గాలి పడిపోయింది.

ఓడని తెచ్చాను.

నిచ్చెన ఎక్కి పైకి వెళ్తే వాడే ఎదురొచ్చి చెయ్యి అందించాడు. నేను రాక్షసుణ్ణి చూస్తాననుకున్నాను. సన్నగా, నెరిసిన మీసంతో, కళ్ళజోడు మాటిమాటికీ తుడుచుకునే మనిషి. నాకు టీ ఇప్పించాడు. తాగలేదు.

"ఈ దారి గురించి చాలా విన్నానమ్మా. ఇక్కడ మీ మాటే చెల్లుతుందటగా," అన్నాడు.

"అవునండి. డ్రమ్ములు దాటి లోపలికొస్తే కెప్టెను మాట చెల్లదు."

"మంచిది. నాకూ కాస్త విశ్రాంతి."

వెనక్కి తిరిగి చూశాను. తాడు చివర మంచుకొండ తెల్లబట్ట కప్పుకుని మెల్లగా వస్తోంది. బట్ట అంచుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. దాన్ని చూస్తే నాకు దాహం వేసిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. ఇలాంటి దాని మీదే కదా ముత్యాలుని నిలబెట్టి వదిలేశాడు.

హోటలు దగ్గరికి వచ్చినప్పుడు నా నాలుక చివర ఒకే ఒక్క మాట ఉంది. 'ఎడమకి.' ఆ మాట అంటే చాలు. నా పక్కన రెండో అధికారి, ఇంకా ముప్పై దాటని అమ్మాయి, చక్రం మీద చేతులు పెట్టుకుని నా నోటివైపే చూస్తోంది. దూరంగా వంతెనల మీద బిందెలు పట్టుకుని జనం కనిపిస్తున్నారు. మా పైడి కూడా వాళ్ళలో ఉంది, ఎర్ర బిందెతో.

"కుడికి, నెమ్మదిగా," అన్నాను.

కొండని కట్టు దగ్గర ఆపాం. మునిగిన మేడల పైకప్పులు మూడు పక్కలా అడ్డుండే చోటు అది, అక్కడ చేరిన మంచు మరి కదలదు. రేపటినుంచి జనం కోసుకుంటారు. ఊరంతా కేకలు పెట్టింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆరేళ్ళ పగని రెండు బిందెల నీళ్ళకి అమ్ముకున్నట్టనిపించింది.

దిగేముందు వాడితో అన్నాను. "మా ఇంటికి భోజనానికి రావాలి. మా అత్త పిలవమంది."

"తప్పకుండా. ఎవరి ఇల్లని అడగాలి?"

"ముత్యాలు ఇల్లని అడగండి. గోస్తనిలో పనిచేసేవాడు."

కళ్ళజోడు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. రానంటాడనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, "వస్తాను," అన్నాడు.

చిట్టా 5. ఆటు. గాలి తూర్పు.

వచ్చాడు. చెప్పకుండానే గడపలో కూచున్నాడు. ఎవరో చెప్పి ఉంటారు. మా అత్త ఎదురుగా పీట వేసుకుంది. నేను తలుపు పక్కన నిలబడ్డాను, పైడి నా వెనక.

వాడు మొదలుపెట్టడమే లెక్కతో మొదలుపెట్టాడు. ఓడలో మూడొందలమంది ఉన్నారని, తాడు కోయకపోతే అందరూ పోయేవారని. అత్త చెయ్యెత్తి ఆపింది.

"అదంతా సర్కారోలికి సెప్పుకో బాబూ. నాకొకటే సెప్పు. సివరాకరికి నువ్వు సూసీసరికి నా కొడుకు ఏటి సేస్తన్నాడు?"

వాడు తల దించుకున్నాడు.

"తాడు చుడుతున్నాడమ్మా."

"ఏటీ?"

"మేం కోసిన తాడు నీళ్ళలో పడింది. ఒక కొస కొండకే ఉంది కదా. వాళ్ళు అరుస్తారని, చేతులూపుతారని, తిడతారని అనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. ఏడుగురూ వరసగా నిలబడి ఆ తాడు నీళ్ళలోంచి లాక్కుని చుట్టలు చుట్టారు. మీ అబ్బాయి ముందు నిలబడ్డాడు. దుర్భిణిలో చూస్తూనే ఉన్నాను, కనిపించినంత దూరం చుడుతూనే ఉన్నారు. భయంతో మతిపోయిందేమో అనుకున్నాను. ఎందుకలా చేశారో నాకిప్పటికీ అర్థం కాలేదు."

మా ముగ్గురికీ అర్థమైంది. పైడికి కూడా. అది నా చీర కొంగు గట్టిగా పట్టుకుంది.

ఆఫీసువాళ్ళకి తెలియకపోవచ్చు. మా పేటల్లో నీళ్ళ మీద మనిషిని అందుకోవడానికి తిన్నగా పోలేనప్పుడు, పడవవాళ్ళు తాడు వదిలేసి, చుట్టూ తిరిగి అవతలి పక్కనుంచి వస్తారు. తాడు వదులైతే 'ఉండు, తిరిగొస్తున్నాం' అని అర్థం. అప్పుడు ఇవతల ఉన్న మనిషి చెయ్యాల్సింది ఒకటే. ఆ తాడు తిరిగొచ్చే పడవ అడుగున నీళ్ళలో తిరిగే చక్రానికి చుట్టుకోకుండా లాక్కుని చుట్ట చుట్టుకోవాలి. పసిపిల్లలకి నడక కన్నా ముందు ఇది నేర్పుతాం. తాడు వదిలి తిరిగిరాని పడవ మా ఏ పేటలోనూ లేదు. గోస్తని కెప్టెను రాజధానిలో పుట్టినవాడని మావాళ్ళకి తట్టలేదు.

అత్త చాలా నెమ్మదిగా చెప్పింది. "నువ్వు తిరిగొస్తావని సుట్టినారు బాబూ. నీ ఓడ సక్రానికి తగలకండా."

వాడి ముఖంలో రక్తం లేదు.

"మరి తిరిగినావా?" అంది అత్త. "శత్రువులు ఎల్లిపోనాక?"

"సాయంత్రానికే వెళ్ళిపోయారు."

"మరి?"

"తిరగలేదు." కళ్ళజోడు తీసి పట్టుకున్నాడు. "తిరిగి వెళ్తే వాళ్ళు బతికే ఉండేవారు. బతికుంటే, ఒక్క హెచ్చరికైనా ఇవ్వకుండా తాడు కోయించానని విచారణలో చెప్పేవారు. అందుకే వెళ్ళలేదు. గుండు తగిలి పోయారని నేనే రాశాను."

అత్త లేచి లోపలికెళ్ళింది. ముత్యాలు కంచంలోనే అన్నం కలిపి తెచ్చి, ముద్ద చేసి వాడి చేతిలో పెట్టింది. వాడు ఏడుస్తూ తిన్నాడు. తిన్నాక ఆవిడ కాళ్ళకి దండం పెట్టి, ఒక మాటన్నాడు.

"ఆరేళ్ళ బరువు ఇవాళ దిగిందమ్మా. ఇక నిద్రపడుతుంది."

వాడు నిజం చెప్పినందుకు కాస్త మెత్తబడ్డాను. ఒప్పుకుంటున్నాను. ఈ మాట వినేసరికి ఆ మెత్తదనం కాస్తా పోయింది. మా గడపలో బరువు దించుకుని, మా అన్నం తిని, హాయిగా నిద్రపోవడానికి వెళ్తున్నాడు. ముత్యాలు ఆ తాడు చుట్ట పక్కన కూచుని ఎన్నాళ్ళు దారి చూశాడో. కింద మంచు కరుగుతూ ఉండగా, ఓడ తిరిగొస్తుంది, ఏదో ఆలస్యమైందని మిగతా ఆరుగురికీ కథలు చెప్పి ఉంటాడు. ఒకదాంట్లోంచి ఇంకో దాంట్లోకి పోయే కథలు.

చిట్టా 6. పోటు. గాలి తూర్పు.

కడచూపు మాట వచ్చింది కనుక గాజులు తీశాను. అత్త కంచం కడిగి బోర్లించింది. ఏడవలేదు. ఆరేళ్ళలో మొదటిసారి మధ్యాహ్నం తన అన్నం మాత్రమే తింది.

చేతులు కడుక్కుంటూ అడిగింది. "ఆడి ఓడ ఎప్పుడెల్తాది?"

"రేపు ఆటు ముందల."

"దారి సూపించేది నువ్వేనేటి?"

"నేనే."

"ముంచీయకు," అంది. క్షమించేసిందనుకున్నాను. "ఆ ఓడలో వేరేవోలి బిడ్డలున్నారు. ఆడు కూడా సచ్చిపోతే ఒక్క గడియలో అయిపోద్ది. నా కొడుక్కి ఒక్క గడియలో అవలేదు కదే."

అప్పుడు నాకు ఏం చెయ్యాలో తెలిసింది. దారివాళ్ళ షెడ్డుకి వెళ్ళాను. నరసయ్య మావయ్యా, మిగతా ఇద్దరూ ఉన్నారు. మా గడపలో వాడు చెప్పింది చెప్పాను, తాడు చుట్టిన సంగతి దగ్గర ఆగితే మావయ్యే తల తిప్పుకుని, "సెప్పు," అన్నాడు. చెప్పాను. నేను అనుకున్నది కూడా చెప్పాను. వాడికి నీళ్ళిద్దాం, అన్నం పెడదాం, కప్పుకోవడానికి బట్టలిద్దాం. ఊళ్ళో ఎక్కడ కావాలంటే అక్కడ ఉండనిద్దాం. దారి మాత్రం మన నలుగురిలో ఎవరూ చూపించవద్దు. వాడున్న పడవ ఏదీ డ్రమ్ములు దాటకూడదు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు ఒకాయన.

"ఆడు దారి సూస్తన్నన్నాళ్ళూ," అన్నాడు మావయ్య. ముందు ఆయనే చెయ్యి చాపాడు. ముగ్గురి చేతులూ నా చేతి మీద పడ్డాయి.

పై ఆఫీసువారికి మనవి. మీరిది ఆపాలనుకుంటే ఓడ పంపండి. దాన్ని లోపలికి తెచ్చేది కూడా మేమే.

చిట్టా 7. ఆటు మొదలైంది. గాలి తూర్పు.

మంచు తెచ్చిన ఓడలు పోయే ముందు కెప్టెను స్వయంగా కొండ మీదకి వెళ్ళి కొక్కేలు చూసి, మంచుని ఊరికి అప్పగించాలి. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, నేను పెట్టింది కాదు. తెల్లని యూనిఫారం వేసుకుని వచ్చాడు. నిద్ర బాగా పట్టినట్టుంది, ముఖం తేటగా ఉంది. నరసయ్య మావయ్య పడవలో తీసుకెళ్ళి కొండ మీద దింపాడు. దింపి పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడనే అనుకున్నట్టున్నాడు కెప్టెను, వెనక్కి కూడా చూడలేదు.

నేను ఓడలో ఉన్నాను. వాడు కొక్కేల దగ్గర వంగి ఉండగా రెండో అధికారితో అన్నాను.

"ఓడ వైపు తాడు వదిలెయ్యండి."

వదిలేశారు. తాడు నీళ్ళలో పడింది. వాడు ఆ చప్పుడుకి తలెత్తాడు.

"ముందుకి, నెమ్మదిగా."

ఆ అమ్మాయి చక్రం మీద చేతులుంచే నావైపు తిరిగింది. "కెప్టెన్‌గారు ఇంకా అక్కడే ఉన్నారండి."

"ఆటు దిగుతోంది. ఇప్పుడు పోకపోతే ఓడ మేడల మీద కూచుంటుంది."

"మరి ఆయన్ని తీసుకురావడానికి బయటికి వెళ్ళాక పడవ పంపుదామా?"

"పంపండి. దారి తెలిస్తే."

ఆ అమ్మాయి నా ముఖంలోకి చాలాసేపు చూసింది. మొన్న మా ఇంట్లో జరిగింది ఓడలో అందరికీ తెలిసిపోయిందని నాకు తెలుసు. ఆ పిల్లది కూడా ఏదో పేటేనేమో, నేను అడగలేదు. "ముందుకి, నెమ్మదిగా," అని నా మాటే కింద ఇంజను గదికి చెప్పింది.

ఓడ కదిలింది. కొండ మీద వాడు లేచి నిలబడ్డాడు. ముందు చెయ్యి ఊపాడు. తర్వాత రెండు చేతులూ ఊపాడు. గాలి అటు నుంచే ఉంది కనుక వాడి గొంతు ఒకటి రెండు సార్లు వినిపించింది, మాటలు తెలియలేదు. వంతెనల మీద ఊరంతా నిలబడి ఉంది. ఎవరూ పడవ విప్పలేదు. మా అత్త మా గడపలో కూచుని అటే చూస్తోంది.

ఫ్లైఓవరు డ్రమ్ము దాటాక దుర్భిణి తీసుకున్నాను. వాడు అరవడం ఆపేశాడు. కొండ అంచుకి వచ్చి మోకాళ్ళ మీద కూచున్నాడు. నీళ్ళలో తేలుతున్న తాడుని చూశాడు, మా ఓడని చూశాడు, మళ్ళీ తాడుని చూశాడు. తర్వాత వంగి దాన్ని రెండు చేతులతో లాక్కుని, చుట్టడం మొదలుపెట్టాడు. వాడికి రాదు, చుట్టలు జారిపోతున్నాయి, జారినవి మళ్ళీ ఎత్తుకుని చుడుతున్నాడు. కనిపించినంత దూరం చూశాను. చుడుతూనే ఉన్నాడు.

నేను ఓడని తిప్పలేదు.